మోటారు మార్చే ముందు ఇరుసు చూడండి

అనకాపల్లి,
ఆదివారం.

చిరంజీవులు పెద్దోడికీ, చిన్నోడికీ, బుజ్జమ్మకీ తాతయ్య దీవెనలు.

మొన్న ఫోనులో పెద్దోడు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "తాతయ్యా, నా ఎలక్ట్రిక్ సైకిలు విశాఖలో సీతమ్మధార ఎత్తు ఎక్కలేక మూలుగుతోంది. 250 వాట్ల మోటారు తీసేసి 1000 వాట్లది వేయించనా?" అన్నాడు. వేయించమనో వద్దనో ఒక్క ముక్కలో తేల్చే సంగతి కాదిది. నలభై ఏళ్లు రైతుల మోటార్లు చుట్టినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత రాస్తున్నాను. ముగ్గురూ కూర్చుని చదవండి.

ముందు మోటారు ఉన్న ఆ సైకిలు చక్రం నడిబొడ్డున ఏముందో చెబుతాను. మా షాపులో మీరు చూసిన బోరు మోటార్లలో రాగి తీగ చుట్టిన స్టేటరు బయట ఉంటుంది, రోటరు లోపల తిరుగుతుంది. సైకిలు మోటారులో ఇది తారుమారు. తీగ చుట్టిన భాగం మధ్యలో ఇరుసుకి బిగించి ఉంటుంది, అది కదలదు. దాని చుట్టూ అయస్కాంతాలు అతికించిన డబ్బా తిరుగుతుంది. అందుకే వైర్లన్నీ ఇరుసు లోపలి నుంచే బయటికి వస్తాయి: కరెంటుకి మూడు లావు వైర్లు, హాల్ సెన్సర్లకి ఐదు సన్న వైర్లు. అయస్కాంతం ఎక్కడుందో సెన్సర్లు చెబుతుంటాయి, ఏ చుట్టుకి ఎప్పుడు కరెంటు ఇవ్వాలో కంట్రోలరు చూసుకుంటుంది.

మామ్మ పెసలు విసిరే తిరగలి గుర్తుందా? కింది రాయి కదలకుండా కూర్చుంటేనే పై రాయి తిరిగి పప్పు పడుతుంది. కింది రాయి కూడా జారడం మొదలుపెడితే రెండూ కలిసి తిరుగుతాయి, పని జరగదు. సైకిలు మోటారులో ఆ కింది రాయి ఇరుసే. మోటారు చక్రాన్ని ముందుకి ఎంత బలంగా తోస్తుందో, ఇరుసుని వెనక్కి అంత బలంగానే తిప్పాలని చూస్తుంది. దాన్ని తిరగనివ్వకుండా పట్టుకునేది ఫోర్కు (చక్రాన్ని రెండు వైపులా పట్టే కొమ్ములు) చివర ఇరుసు కూర్చునే చిన్న గాడి ఒక్కటే.

ఇది నాకు పుస్తకంలో కాదు, రోడ్డు మీద తెలిసింది. నాలుగేళ్ల కిందట నా ఎడమ చేతికి కట్టు కట్టి ఉండగా మీరొచ్చారు కదా, సైకిలు మీంచి పడ్డానని మాత్రమే చెప్పాను. అసలు జరిగింది ఇది. ముందు చక్రానికి 36 వోల్టుల మోటారు కిట్టు బిగించుకున్నాను. కొన్నాళ్లకి అది చాలదనిపించి 48 వోల్టుల బ్యాటరీ, పెద్ద కంట్రోలరు తెచ్చాను. ఇరుసుకి ఆధారంగా పట్టీ ఏమైనా వేయాలా అని అమ్మినాయన్ని అడిగితే, నట్లు గట్టిగా బిగిస్తే చాలన్నాడు. నేనూ నమ్మాను. శంకరం ఊరికి వెళ్లే దారిలో ఆగి, మళ్లీ బయలుదేరుతూ యాక్సిలరేటరు ఒక్కసారిగా తిప్పాను. కింద "టక్" మని ఒక శబ్దం వచ్చింది. అంతే, చక్రం పక్కకి వాలింది, నేను చేతి మీద పడ్డాను.

ఇంటికొచ్చాక భూతద్దం పెట్టి చూశాను. ఫోర్కు అల్యూమినియంది. గాడి రెండు పెదవులూ విచ్చుకుని, లోపలంతా గీసుకుపోయి తెల్లగా మెరుస్తోంది. ఇరుసుకి రెండు వైపులా చదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. వైర్లు ఎనిమిదీ పురిపెట్టిన తాడులా మెలితిరిగి తెగిపోయాయి. ఆ తెగిన ముక్క ఇంకా దాచి ఉంచాను, వచ్చినప్పుడు చూపిస్తాను.

ఎందుకలా అయిందో లెక్క వేద్దాం, బుజ్జమ్మకి కూడా అర్థమయ్యే లెక్కే. 26 అంగుళాల చక్రంలో మధ్య నుంచి అంచుకి దాదాపు 33 సెంటీమీటర్లు. ఇలాంటి మోటారు గట్టిగా లాగినప్పుడు టైరు దగ్గర తోపు 12 కిలోల బరువంత ఉంటుందనుకోండి. ఇరుసు చదును వెడల్పు 10 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి అర సెంటీమీటరే. దూరం 66 వంతులు తగ్గింది కాబట్టి బలం 66 రెట్లు పెరుగుతుంది. దాదాపు 800 కిలోలు! రెండు వైపుల గాడులు చెరిసగం పంచుకున్నా ఒక్కోదాని మీద 400 కిలోలు. మోటారు బలం రెట్టింపు చేస్తే ఇదీ రెట్టింపే. అల్యూమినియం ఉక్కులా సాగి ముందే హెచ్చరించదు, చిట్లిపోతుంది. అందుకే ముందు చక్రానికి, అందులోనూ స్ప్రింగులున్న అల్యూమినియం ఫోర్కుకి, పెద్ద మోటారు బిగించవద్దంటాను. ఉక్కు ఫ్రేము, వెనక చక్రం, ఇరుసుని పట్టుకుని ఫ్రేముకి బిగిసే టార్క్ ఆర్మ్ అనే మందపాటి ఉక్కు పట్టీ, ఈ మూడూ ఉంటేనే ఆలోచించాలి. ఆ పట్టీ ఇరుసు మీద వదులు లేకుండా దిగాలి. వేలితో కదిపితే ఆడే పట్టీ ఉన్నా లేనట్టే.

ఇక వాట్ల సంగతి. మోటారు మీద రాసిన 1000 అనే అంకె చూసి మోసపోకండి. బలం వచ్చేది బ్యాటరీ నుంచి, దాన్ని కొలిచి ఇచ్చేది కంట్రోలరు. వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. 36 వోల్టుల బ్యాటరీ, 15 ఆంపియర్ల కంట్రోలరు ఉంటే దాదాపు 540 వాట్లే వస్తాయి, మోటారు ఎంత పెద్దదైనా సరే. పాత కంట్రోలరుకే కొత్త మోటారు తగిలించి "బలం రాలేదేమిటి" అని తలపట్టుకునేవాళ్లని చూశాను.

చక్రంలో మోటారు పెట్టాలన్న ఆలోచన నిన్నటిదో మొన్నటిదో కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ జూనియర్ అనే ఆయన వెనక చక్రంలో మోటారు ఉన్న సైకిలుకి 1895 డిసెంబరు 31న పేటెంటు తీసుకున్నాడు. 10 వోల్టుల బ్యాటరీ నుంచి 100 ఆంపియర్ల దాకా లాగే మోటారది. గుణించి చూడండి, 1000 వాట్లు! ఇప్పుడు పెద్దోడు అడుగుతున్నదీ అంతే. కానీ అదే వెయ్యి వాట్లు 48 వోల్టుల దగ్గర తీసుకుంటే దాదాపు 21 ఆంపియర్లు చాలు. వైరులో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ఒకే వైరులో 100 ఆంపియర్ల వేడి 21 ఆంపియర్ల వేడికి దాదాపు 23 రెట్లు. అందుకే బలం కావాలంటే ఆంపియర్లకన్నా వోల్టులు పెంచడం మేలు. అయితే వోల్టులు పెరిగితే మోటారు వేగమూ పెరుగుతుంది. 25 కిలోమీటర్ల వేగంతో పోయేది 36 నుంచి 48కి మారిస్తే 33 దాకా పోవాలని చూస్తుంది.

బ్యాటరీ దగ్గర మాత్రం కాస్త ఆగి చదవండి, నాకు భయం ఉన్నది ఇక్కడే. 36 వోల్టుల ప్యాకులో పది సెల్లు వరసగా ఉంటాయి. అలాంటి వరసలు నాలుగుంటే మొత్తం 40 సెల్లు. 15 ఆంపియర్లు లాగితే ఒక్కో సెల్లు మీద 3.75 పడుతుంది, అది తట్టుకుంటుంది. 30 ఆంపియర్ల కంట్రోలరు పెడితే ఒక్కోదాని మీద 7.5. చాలా మామూలు సెల్లు 5 ఆంపియర్ల వరకే పనికొస్తాయి. అప్పుడు ప్యాకులోని కాపలా సర్క్యూటు, దాన్నే బీఎంఎస్ అంటారు, కరెంటు కట్ చేసేస్తుంది. నడిరోడ్డు మీద బండి ఆగిపోతుంది. ఆగిపోవడమే మంచిది. కొందరు మెకానిక్కులు "దీన్ని బైపాస్ చేసేద్దాం" అంటారు. ఎవరన్నా ఆ మాట అంటే సైకిలు తీసుకుని అక్కడి నుంచి వచ్చేయండి.

ఛార్జరు కూడా అంతే. 36 వోల్టుల ప్యాకు నిండితే 42 వోల్టులు. పదమూడు సెల్ల 48 వోల్టుల ప్యాకు నిండితే 54.6. రెండు ఛార్జర్లకీ ఒకే రకం పిన్ను ఉండొచ్చు. పెద్దది తీసి చిన్న ప్యాకుకి పెడితే, బీఎంఎస్ అడ్డుపడకపోతే మంటలే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, మన విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషుల ప్రాణాలు పోయాయి. ఆ వార్త చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంచం పక్కన, గుమ్మం దగ్గర, మెట్ల కింద ఛార్జింగ్ పెట్టకండి. మనం నిద్రపోయే వేళ అసలు వద్దు.

ఇప్పుడు పెద్దోడి అసలు బాధకి వస్తాను, ఎత్తు ఎక్కడం. మా షాపుకి వచ్చిన కాలిన మోటారు మూత తీయగానే తీగ మీది ఎనామెల్ పూత మాడిన వాసన గుప్పుమనేది. రాగి తీగలు తేనె రంగు పోయి నల్లబడి ఉండేవి. లో వోల్టేజీలో తిరగలేక తిరిగి, ఎక్కువ కరెంటు లాగి మాడిన మోటార్లే వాటిలో ఎక్కువ. సైకిలు మోటారు మాడేదీ దాదాపు అలాంటప్పుడే. మోటారు వేగంగా తిరుగుతున్నప్పుడు లోపల ఎదురు వోల్టేజీ పుడుతుంది, అది కరెంటుని అదుపులో ఉంచుతుంది. ఎత్తు మీద నెమ్మదించిందా, ఆ ఎదురు తగ్గిపోతుంది, కరెంటు చుట్లలోకి దూకుతుంది, అందులో ఎక్కువ భాగం వేడికే పోతుంది. పళ్ల చక్రాలు లేకుండా నేరుగా తిరిగే 1000 వాట్ల మోటారు చదును రోడ్డు మీద దూసుకుపోతుంది కానీ, నిట్టనిలువు ఎత్తులో నత్తనడక నడిపితే ఇలాగే మాడుతుంది. పైగా ఆరేడు కిలోల బరువు. పళ్ల చక్రాలున్న మోటారు లోపల వేగంగా తిరుగుతూ బయట చక్రాన్ని నెమ్మదిగా, బలంగా తిప్పుతుంది. ఎత్తుకి అదే మంచిది. దాని లోపలి నైలాను పళ్లు మాత్రం ఒక్కసారిగా ఝాడించి లాగితే అరుగుతాయి.

వేగం కోసమే అయితే గాలి సంగతి కూడా తెలుసుకోండి. చదును రోడ్డు మీద 25 కిలోమీటర్ల వేగానికి చక్రం దగ్గర నూట డెబ్బై, నూట ఎనభై వాట్లు చాలు. 40 వేగానికి దాదాపు 580 కావాలి. గాలిని చీల్చే ఖర్చు వేగం ఘనంతో పెరుగుతుంది మరి. అంటే అదే బ్యాటరీ మీద వెళ్లే దూరం సగానికి పడిపోతుంది. బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం రెండున్నర రెట్లవుతుంది. మామూలు సైకిలు రబ్బరు బ్రేకులు దానికి సరిపోవు. మోటారు ఏదైనా, బ్రేకు నొక్కగానే కరెంటు ఆపే స్విచ్చు ఉన్న లీవర్లు తప్పకుండా ఉండాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989 ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే దాన్ని మోటారు వాహనం కాదంటారు. అది దాటితే రిజిస్ట్రేషను, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి. ఇంట్లో బిగించుకున్న బండికి ప్రభుత్వం ఆమోదించిన మోడలు అనే కాగితం ఉండదు, కాబట్టి రిజిస్ట్రేషనూ రాదు, ఇన్సూరెన్సూ రాదు. ఎవరికైనా తగిలితే పూచీ అంతా మనదే. 48 వోల్టుల బండిని నేను రోడ్డెక్కించడం తప్పు. ఆ రోజు నా ముందు స్కూలు పిల్లలెవరూ నడవకపోవడం నా అదృష్టం.

కాబట్టి పెద్దోడా, నా మాట ఇది. వెయ్యి వాట్లు వద్దు. అదే 250లో, పళ్ల చక్రాలున్నది, తక్కువ వేగానికి చుట్టిన మోటారు తీసుకుందాం. వెనక చక్రానికి వేద్దాం, టార్క్ ఆర్మ్‌తో. ఎత్తు మీద నువ్వు కూడా పెడలు తొక్కాలి, అప్పుడు మోటారు నెమ్మదించదు, వేడెక్కదు. సీతమ్మధార ఎక్కుతుంది, నాకు నమ్మకం ఉంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు సైకిలు తెండి. ఈలోగా మూడు పనులు చేయండి. వెనక ఫోర్కు రెండు కొమ్ముల మధ్య వెడల్పు స్కేలుతో కొలవండి, 135 మిల్లీమీటర్లు ఉండాలి. ఫ్రేముకి అయస్కాంతం అంటుకుంటుందో లేదో చిన్నోడు చూడాలి, అంటుకుంటే ఉక్కు. ఛార్జరు వెనక రాసిన అంకెలు బుజ్జమ్మ ఫోటో తీసి పంపాలి. పట్టీకి కావలసిన ఉక్కు ముక్క ఇక్కడ షాపులో ఉంది, గాడి కొలత తెలియగానే ఆకురాయి పట్టి ఉంచుతాను.

మీ
తాతయ్య