కేబుల్ భూమిలో ఎక్కడుంది? రూట్ మ్యాపుల మీద అపోహలు - వాస్తవాలు

ఓఎఫ్‌సీ (ఆప్టికల్ ఫైబర్ కేబుల్) పనుల్లోకి కొత్తగా వచ్చే సైట్ సూపర్‌వైజర్లు ఇది తప్పకుండా చదవాలి. కేబుల్ ఎంత బాగా వేసినా, అది ఎక్కడుందో కాగితం మీద సరిగ్గా లేకపోతే పని పూర్తయినట్టు కాదు.

అపోహ: మ్యాప్ బిల్లు కోసమే, పనయ్యాక తీరిగ్గా గీసుకోవచ్చు.

గొయ్యి పూడ్చేశాక కొలవడానికి ఏం మిగులుతుంది? లోతు, రోడ్డు అంచు నుంచి దూరం, మధ్యలో అడ్డొచ్చిన నీళ్ల పైపు, ఇవన్నీ ట్రెంచ్ తెరిచి ఉన్నప్పుడే టేపు పెట్టి రాసుకోవాలి. స్పెసిఫికేషన్‌లో 1.65 మీటర్లని ఉంటుంది, కానీ బండరాయి తగిలిన చోట 90 సెంటీమీటర్లకే ఆపి పైన కాంక్రీటు వేస్తారు. ఆ బిట్‌కి కూడా 1.65 అనే రాసేస్తే, రేపు డ్రైనేజీ పనికొచ్చిన జేసీబీ డ్రైవరు మీటరు లోతు దాకా ధైర్యంగా తవ్వుతాడు. అందులో అతని తప్పేమీ లేదు.

అపోహ: ఫోన్‌లో జీపీఎస్ పాయింట్ పెట్టుకుంటే చాలు.

ఫోన్ జీపీఎస్ ఆరుబయటే కొన్ని మీటర్లు అటూఇటూ చూపిస్తుంది, భవనాల మధ్య ఇంకా ఎక్కువ. హైదరాబాద్‌లో రోడ్డు పక్కన ఆ కొన్ని మీటర్లలోనే కరెంటు కేబుల్, మంచినీళ్ల పైపు, వేరే ఆపరేటర్ల డక్టులు (కేబుల్ వెళ్లే గొట్టాలు) అన్నీ ఉంటాయి. జీపీఎస్ ఉండనివ్వండి, దాంతోపాటు కల్వర్టు గోడ, గుడి ధ్వజస్తంభం లాంటి కదలనివి కనీసం రెండు చూసుకుని వాటి నుంచి కొలతలు రాయండి. చెట్టు, పాన్ డబ్బా, ప్రహరీ గోడ వద్దు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ముందు పోయేవి అవే.

అపోహ: కేబుల్ తెగితే ఓటీడీఆర్ (ఫైబర్‌లోకి కాంతి పంపి ఎంత దూరంలో తెగిందో చూపే మెషీన్) చెప్పేస్తుంది, మ్యాప్ ఎందుకు?

నాకు బాగా కోపం తెప్పించే మాట ఇదే. ఓటీడీఆర్ చెప్పేది ఫైబర్ పొడవు, రోడ్డు మీద దూరం కాదు. 3,240 మీటర్ల దగ్గర కట్ అని చూపించింది అనుకోండి. దారిలో రెండు జాయింట్లున్నాయి, ఒక్కోచోట రెండు వైపులా పది మీటర్ల చొప్పున లూప్ చుట్టి పెట్టారు, ఎక్స్ఛేంజ్ దగ్గర ఇంకో ఇరవై. అంటే 60 మీటర్లు చుట్టల్లోనే పోయింది. ఆ లెక్క మ్యాప్‌లో లేకపోతే, అర్ధరాత్రి టీమ్ వెళ్లి బాగున్న చోట తారు రోడ్డు పగలగొడుతుంది. కేబుల్ తొడుగు మీద మీటరు మార్కింగ్ ఉంటుంది కదా, ప్రతి ఛాంబర్ (జాయింట్లు, లూపులు పెట్టే గుంత) దగ్గర లోపలికి వెళ్లే రీడింగు, బయటికొచ్చే రీడింగు రెండూ మ్యాప్‌లో ఎక్కించండి. ఐదు నిమిషాల పని, రిపేరు వాళ్లకు రాత్రంతా కలిసొస్తుంది.

అపోహ: లొకేటర్ మెషీన్ తెచ్చి వెతుక్కోవచ్చు.

మామూలు లొకేటర్ లోహాన్నే పట్టుకుంటుంది. ప్లాస్టిక్ డక్టులో లోహం లేని కేబుల్ వేసి, పక్కన ట్రేసర్ వైరు (లొకేటర్‌కి దొరికేలా వేసే లోహపు తీగ) కూడా వేయకపోతే దానికేమీ దొరకదు.

అపోహ: రోడ్డు కింద డ్రిల్లింగ్ అంటే మ్యాప్‌లో అడ్డంగా ఒక గీత.

హెచ్‌డీడీ (రోడ్డు తవ్వకుండా కిందనుంచి అడ్డంగా డ్రిల్ చేసే పద్ధతి) బోర్ వంపు తిరుగుతూ దిగి మళ్లీ పైకొస్తుంది, ఒక్కోసారి పక్కకి కూడా జరుగుతుంది. డ్రిల్ తల ఎక్కడుందో పైనుంచి మెషీన్‌తో కనిపెడుతూ నడిచే ఆపరేటర్ రాడ్డు రాడ్డుకీ లోతు రాసుకుంటాడు. ఆ నోట్‌బుక్ అతనితో పాటు వేరే సైటుకి వెళ్లిపోకముందే ఫొటో తీసి డ్రాయింగుకి జత చేయండి.

అపోహ: ఇప్పుడు ప్రభుత్వ యాప్ ఉంది, ఇక టెన్షన్ లేదు.

2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ వచ్చింది, మంచిదే, తవ్వే ముందు అందరూ వాడాలి. అయితే ఆ యాప్ కేబుల్ ఓనరుకి కబురు పంపుతుంది, అంతవరకే. వచ్చి ఇక్కడుంది అని చూపించాల్సింది ఓనరు మనిషే, అతను చేతిలో పట్టుకొచ్చేది ఆ రోజు మనం గీసిచ్చిన మ్యాపే.