‘మందు యాడ్లు బ్యాన్ కదా మేడం?’: కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒక తండ్రి కొడుకుని మా డీఅడిక్షన్ వార్డుకి, అంటే తాగుడు మాన్పించే వార్డుకి, తీసుకొచ్చాడు. అబ్బాయికి 19 ఏళ్ళు, ఇంజినీరింగ్ సెకండియర్. బండి మీంచి పడి కుడి చెయ్యి విరిగితే వేరే ఆస్పత్రిలో కట్టు కట్టారు. రెండో రోజు రాత్రి నుంచి నిద్ర లేదు, ఒళ్ళంతా చెమటలు, దెబ్బ తగలని ఎడమ చెయ్యి కూడా వణుకుతోంది. ఇవి రోజూ తాగేవాడికి మందు ఆగిపోతే వచ్చే లక్షణాలని ఆ డాక్టరు గుర్తుపట్టి మా దగ్గరికి పంపాడు. వాడు ఏడాదిగా రోజూ తాగుతున్నాడని ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

తండ్రి కుర్చీలో కూర్చుంటూనే, "మా ఇంటా వంటా లేదు మేడం ఈ అలవాటు, హాస్టల్లో ఎవడో చెడగొట్టాడు" అన్నాడు. పాపం, రెండు రోజుల నుంచి తిండి తిన్నట్టు లేదు ఆ మనిషి. సరే అని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ప్రతి తల్లిదండ్రుల్నీ అడిగేదే అడిగాను: వాడు ఫోన్లో ఏం చూస్తాడు? "క్రికెట్, రీల్స్, అంతే." వాటిలో మందు ఎంత కనబడుతుందో ఎప్పుడైనా గమనించారా? ఆయన నా వైపు వింతగా చూసి అన్నాడు: "మందు యాడ్లు బ్యాన్ కదా మేడం?"

14 ఏళ్ళుగా సోషల్ వర్కర్‌గా ఈ వార్డులో పనిచేస్తున్నాను, ఈ మాట వినని వారం లేదు. మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఎందుకంటే యాడ్లు లేవని నమ్మిన ఇంట్లో పిల్లలతో వాటి గురించి ఒక్కరూ మాట్లాడరు.

నిషేధం ఉన్న మాట నిజమే. మద్యాన్ని నేరుగా గానీ చాటుగా గానీ ప్రచారం చేయకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది. అదే పేరుతో వేరే వస్తువు చూపిస్తూ మందుని గుర్తుచేసే సరోగేట్ యాడ్లు కుదరవని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా 2025 మార్చిలో ఐపీఎల్ మొదలయ్యే ముందు, మద్యం, పొగాకు యాడ్లు, సరోగేట్లతో సహా, స్టేడియంలోనూ టీవీలోనూ ఆపండని కేంద్ర ఆరోగ్యశాఖ నుంచి ఐపీఎల్ చైర్మన్‌కి లేఖ వెళ్ళింది. అసలు యాడ్లే లేకపోతే ఆ లేఖ రాయాల్సిన పనేముంది?

మన పిల్లలు చూసేది సోడా యాడ్. మంచినీళ్ళ బాటిల్ యాడ్. మ్యూజిక్ సీడీల యాడ్ కూడా వచ్చేది, ఆ సీడీ ఏ షాపులో దొరుకుతుందో మాత్రం నేనెప్పుడూ చూడలేదు. పేరు అదే, రంగు అదే, అక్షరాల తీరు అదే, ట్యూన్ కూడా అదే, మారింది సీసాలో ఉన్నది ఒక్కటే. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు బెంగళూరు జట్టుకి పెట్టిన పేరు ఒక విస్కీ బ్రాండు నుంచి వచ్చిందే కదా, ఆ పేరున్న జెర్సీ వేసుకుని గల్లీలో ఆడుకునే పదేళ్ళ పిల్లాడికి ఆ పేరు అప్పటికే చుట్టం అయిపోయింది.

రెండేళ్ళ క్రితం ఒక స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకి అవగాహన క్లాసు చెప్పడానికి వెళ్ళాను. ఉపన్యాసం వినరని తెలుసు కాబట్టి ఫోన్లో ఒక సోడా యాడ్ ట్యూన్ మాత్రం వినిపించాను, మాటలు లేవు, బొమ్మ లేదు. ఐదు సెకన్లు కూడా కాలేదు, సగం క్లాసు చేతులెత్తింది. ఇదేం వస్తువు అని అడిగితే ముందు బెంచీ పిల్లాడు నవ్వుతూ "మందు మేడం" అన్నాడు. బ్రాండు పేరు వెనక బెంచీ నుంచి వచ్చింది. ఇంకొకడు అది క్వార్టర్ ఎంతో కూడా చెప్పాడు. సోడా అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. టీచర్ మొహం పాలిపోయింది. యాడ్ పైకి దాన్ని సోడా అంటోంది, తొమ్మిదో తరగతి పిల్లలు మందు అంటున్నారు, ఆ యాడ్ తీసినవాళ్ళకి కావలసింది పిల్లలన్న మాటే.

ఇక్కడే ఇంకో మాట అడ్డం వస్తుంది. "యాడ్ చూసి ఎవడైనా లేచి వెళ్ళి సీసా కొంటాడా? మావాడు అంత అమాయకుడు కాదు." ఎవడూ అలా కొనడు, యాడ్ చేసే పని అది కాదు. మొదటి గుక్కకి నాలుగైదేళ్ళ ముందే అది పని మొదలుపెడుతుంది. గెలిస్తే ఏం చేయాలి, ప్రాణస్నేహితుడు కలిస్తే ఏం చేయాలి, మగాడంటే ఎలా ఉండాలి, వీటన్నిటి పక్కన ఒక సీసా రంగు పెట్టి వదిలేస్తుంది. యాడ్‌లో వాంతి ఉండదు, తండ్రి కోసం వాకిట్లో ఎదురుచూసే పిల్ల ఉండదు, బండి మీంచి పడ్డవాడు ఉండడు. హాస్టల్లో ఫ్రెండ్ మొదటిసారి గ్లాసు చేతికిచ్చే రోజుకి పిల్లాడి మనసులో ఆ పాఠం ఎప్పుడో పూర్తయిపోయి ఉంటుంది. ఫ్రెండ్ గ్లాసు అందిస్తాడు అంతే. ఆ ఫ్రెండ్‌కి నేర్పిందీ ఆ యాడే.

ఇది నా ఊహ కాదు. 2009లో వచ్చిన ఒక సమీక్షలో 13 అధ్యయనాలు కలిపి చూశారు, అన్నీ కలిపి 38 వేల మందికి పైగా కుర్రవాళ్ళని కొంతకాలం పాటు గమనించినవి. మద్యం ప్రచారం ఎక్కువ చూసినవాళ్ళలో, అప్పటిదాకా తాగనివాళ్ళు మొదలుపెట్టడం, తాగేవాళ్ళు ఇంకా పెంచడం ఎక్కువగా కనబడింది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో కాలేజీ కుర్రాళ్ళని గంటసేపు సినిమా చూడమని కూర్చోబెట్టి, ఫ్రిజ్‌లో బీరు, కూల్‌డ్రింక్స్ పెట్టి, మీ ఇష్టం అన్నారు. తాగే సీన్లున్న సినిమా, మధ్యలో మందు యాడ్లు చూసినవాళ్ళు, ఆ సీన్లూ యాడ్లూ రెండూ లేకుండా చూసినవాళ్ళ కంటే సగటున ఒకటిన్నర గ్లాసు ఎక్కువ తాగారు. ఒక్క గంటలో.

"సారాకి యాడ్ ఎవరిచ్చారు మేడం, జనం తాగలేదా?" అని ఒక పెద్దాయన ఒకసారి గట్టిగానే అడిగారు. మంచి ప్రశ్న. మాది నెల్లూరు జిల్లా, సారా సంగతి నాకు కొత్త కాదు. సారాకి టీవీలో యాడ్ లేదు గానీ కాంట్రాక్టర్లు దాన్ని ప్యాకెట్లు కట్టి ఇంటి గుమ్మం దాకా తెచ్చారు, కూలి డబ్బు చేతిలో పడేసరికి ప్యాకెట్ ఎదురుగా ఉండేది, అంతకంటే పెద్ద ప్రచారం ఏముంటుంది? ఇప్పటి బెల్టు షాపు కూడా అంతే. యాడ్ ఒక్కటే కారణమని నేనెప్పుడూ అనను. ఇంట్లో తాగే పెద్దలు, చేతికందే షాపు, డిప్రెషన్, ఒంటరితనం, అన్నీ ఉంటాయి. కానీ అదే జిల్లాలో దూబగుంటలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. రాత్రిబడి అక్షరాస్యత వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, ఆడవాళ్ళు ఏకమై ఊళ్ళో సారా దుకాణం మూయించిన కథ. ఆ ఊరి ఆడవాళ్ళు అది చదివి నిజంగానే దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లా దాటింది, 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. మా అమ్మ ఆ వాచకంతోనే అక్షరాలు దిద్దింది, ఆ పాఠం చదివిన రాత్రి నాన్నతో మొదటిసారి ఎదురు తిరిగి మాట్లాడింది, నేను దుప్పటి కింద నుంచి విన్నాను. కూలి పని చేసి అలసిపోయి లాంతరు ముందు కూర్చున్న ఆడవాళ్ళని ఒక కథ అంత కదిలిస్తే, రోజుకి పదిసార్లు రంగుల్లో, పాటతో, ఇష్టమైన హీరో మొహంతో చెప్పే కథ 14 ఏళ్ళ పిల్లాడి మీద పనిచేయదని ఎలా అనుకుంటాం?

ఇక రెండోది, యాడ్ల పుణ్యమా అని పుట్టిందే: "మావాడు మందు తాగడు, బీరే." పైన చెప్పిన అబ్బాయి కూడా ఇదే అన్నాడు, "రోజూ రెండు బీర్లే మేడం, మందు ముట్టను." వాడు అబద్ధం చెప్పట్లేదు, బీరు వేరే జాతి అని నమ్మాడు. వేసవి, బీచ్, చల్లదనం, ఫ్రెండ్స్, అలా చూపిస్తే నమ్మక ఏం చేస్తాడు? లెక్క వేద్దాం. 650 మిల్లీలీటర్ల సీసా మీద 8 శాతం అని ఉంటే లోపల 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉన్నట్టు. మన విస్కీల్లో మామూలుగా 42.8 శాతం ఉంటుంది, అంటే 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో 26 మిల్లీలీటర్లకి కాస్త తక్కువ. ఒక స్ట్రాంగ్ బీరు రెండు లార్జ్ పెగ్గులతో సమానం. రెండు బీర్లంటే 104 మిల్లీలీటర్లు, క్వార్టర్ విస్కీలో, అంటే 180 మిల్లీలీటర్లలో, ఉండేది 77. ఆ అబ్బాయి రోజూ క్వార్టర్ కంటే ఎక్కువ తాగుతూ తాను తాగుబోతుని కాదనుకున్నాడు. కాగితం మీద ఈ లెక్క వేసి తండ్రికి చూపిస్తే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

సినిమాలో కింద మూలన ‘మద్యపానం ఆరోగ్యానికి హానికరం’ అని పడుతుంది కదా, అది చాలు అనుకోవద్దు. కన్ను హీరో మీద ఉంటుంది, మూల మీద కాదు.

"ఇంట్లో మనమే కాస్త రుచి చూపిస్తే బయట తాగడు" అనేవాళ్ళు చదువుకున్న ఇళ్ళలోనే ఎక్కువ. ఆస్ట్రేలియాలో సుమారు 1,900 మంది పిల్లల్ని ఆరేళ్ళు గమనించి 2018లో ప్రచురించారు, తల్లిదండ్రులు పోసి ఇస్తే రక్షణ అన్నది ఎక్కడా తేలలేదు. మొదటి గుక్క ఎంత ఆలస్యమైతే అంత మంచిది. 15 ఏళ్ళలోపు మొదలుపెట్టినవాళ్ళలో సుమారు 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారని, 20 దాటాక మొదలుపెట్టినవాళ్ళలో అది 10 శాతం దగ్గరే ఉందని 1997లో ఒక అమెరికా పరిశోధన చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మద్యం అమ్మకూడదు. ఆ వయసు ఊరికే పెట్టలేదు.

కొద్దిగా తాగితే గుండెకి మంచిదన్నది వాట్సాప్ మాట. ఎంత తాగినా సురక్షితం అనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది.

అమ్మానాన్నలు భయపడి ఫోన్ లాక్కోవడం, కాలేజీ మార్పించడం చేస్తుంటారు. దానికంటే మ్యాచ్ చూసేటప్పుడు పక్కన కూర్చోండి. సోడా యాడ్ వస్తే "ఇది నిజంగా దేని గురించి రా?" అని అడగండి చాలు, తిట్టొద్దు, క్లాసు పీకొద్దు, వాళ్ళే చెప్తారు. నాన్నలకి ఇంకో మాట. ఇంట్లో సిట్టింగ్ పెట్టినప్పుడు ఐస్ తేరా, గ్లాసులు కడగరా, మంచింగ్ పట్రా అని పిల్లాడికి పని చెప్పకండి. తప్పుదారి పట్టించే యాడ్ కనబడితే 1915కి ఫిర్యాదు చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఆఖరిది, ఇదీ యాడే, నాకు బాగా కోపం తెప్పించేది: "తెలియకుండా కూరలో కలపండి, మందు మాన్పించండి" అని యూట్యూబ్‌లో అమ్మే పొడులు. అందులో ఏముందో కొన్నవాళ్ళకి తెలియదు. డైసల్ఫిరామ్ లాంటిది ఉంటే (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే మాత్ర అది, దాని మీద మద్యం తాగితే ఒంటికి పడదు), విషయం తెలియని మనిషి బయట తాగి వచ్చాడంటే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రోజూ ఎక్కువగా తాగేవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించడమూ ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడవచ్చు. చేతులు వణకడం, చెమటలు కనబడితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకురండి, ఆ కొద్ది రోజులూ మందులతో దాటించవచ్చు. మొదట చెప్పిన అబ్బాయికి ఆరు రోజులు పట్టింది. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, అది మత్తు అలవాట్లు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. తాగేవాళ్ళే చేయాలని లేదు, అమ్మయినా చేయొచ్చు.