కుక్కపిల్ల మొహం చూసి బ్రీడ్ చెప్పగలమా? అపోహలు - వాస్తవాలు

రెస్క్యూ చేసిన కుక్కపిల్లని పరీక్ష టేబుల్ మీద పెట్టీ పెట్టగానే, తెచ్చినవాళ్లు అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "డాక్టర్ గారూ, ఇది ఏ బ్రీడ్ అయ్యుంటుంది?" అడగడంలో తప్పులేదు. ఒళ్లోకి వచ్చిన ప్రాణి ఎవరి బిడ్డో తెలుసుకోవాలనిపించడం సహజం. కానీ మేం చెప్పే జవాబు ఎంత బలహీనమైనదో, అది ఆ పిల్లని ఎన్నాళ్లు పట్టుకుని ఉంటుందో చాలామందికి తెలియదు. షెల్టర్ వైద్యంలోకి వచ్చిన చాలా ఏళ్ల వరకూ నాకూ తెలియలేదు.

ఒక పిల్ల సంగతి చెప్తాను. వయసు ఐదారు వారాలు. గజ్జితో వెంట్రుకలు సగం రాలిపోయి, చర్మం ఎర్రగా పొక్కిపోయి ఉంది. మిగిలిన వెంట్రుకలు లేత గోధుమరంగు. చెవులు వేలాడుతున్నాయి, మూతి పొట్టిగా ఉంది, పాదాలు లావుగా ఉన్నాయి, కడుపు గుండ్రంగా ఉబ్బి ఉంది. కేస్ షీట్‌లో బ్రీడ్ అన్న గడిలో "లాబ్రడార్ మిక్స్" అని రాశాను. డీవార్మింగ్ చేసిన మర్నాడు తెల్లటి దారాల్లాంటి నులిపురుగులు కుప్పగా పడ్డాయి, కడుపు లోపలికి పోయింది. నాలుగో నెలలో చెవులు నిలబడ్డాయి. ఏడాది తిరిగేసరికి అది సన్నటి కాళ్లతో, చుట్టుకున్న తోకతో 13 కిలోల కుక్క. మధ్యలో, ఎనిమిదో నెలలో, దాన్ని దత్తత తీసుకున్నవాళ్లు వెనక్కి తెచ్చి ఇచ్చేశారు. "లాబ్రడార్ అంటే పిల్లలతో కలిసిపోతుందనుకున్నాం, ఇది ఎవరి దగ్గరికీ రాదు" అన్నారు. వాళ్లని నేనేమీ అనలేకపోయాను. ఆ మాట రాసింది నేనే.

అప్పట్నుంచీ ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతున్నాను, నా రోగుల్ని ఆ కళ్లతో చూస్తున్నాను. రోజూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అనుభవం ఉన్నవాళ్లు చూస్తే చెప్పేస్తారు.

వాస్తవం: చెప్తాం, నమ్మకంగానే చెప్తాం. అది నిజమవడం వేరే సంగతి. 2009లో అమెరికాలో విక్టోరియా వోయిత్ అనే పశువైద్యురాలి బృందం దత్తతకి వెళ్లిన 20 కుక్కలని తీసుకుని, షెల్టర్లు రాసిన బ్రీడ్‌ని డీఎన్ఏ ఫలితంతో పోల్చింది. షెల్టర్లు ఫలానా జాతి మిక్స్ అని పేరు పెట్టి రాసినవి 16. వాటిలో నాలుగింట్లో మాత్రమే, రాసిన జాతుల్లో ఒక్కటైనా డీఎన్ఏలో ప్రధాన జాతిగా కనబడింది. తర్వాత 2013లో ఆ బృందమే 20 కుక్కల్ని 900 మందికి పైగా కుక్కల వృత్తుల్లో ఉన్నవాళ్లకి చూపించింది. సగం మందికి పైగా ఒకే జాతి పేరు చెప్పింది ఏడు కుక్కల విషయంలోనే. ఆ ఏడింట్లో కూడా మూడింటి విషయంలో వాళ్లు చెప్పింది డీఎన్ఏతో సరిపోలేదు.

పదిమంది డాక్టర్లు ఒకే మాట చెప్పినా అది తప్పయ్యే అవకాశం బాగానే ఉందన్నమాట. 2018లో వచ్చిన మరో అధ్యయనంలో రెండు షెల్టర్లలోని 900కు పైగా కుక్కలకి పరీక్ష చేశారు. మొత్తం 125 జాతుల ఆనవాళ్లు దొరికాయి, ఒకే శుద్ధ జాతికి చెందినవి 5 శాతం కూడా లేవు. అక్కడి సిబ్బంది కుక్కలో ఉన్న జాతుల్లో కనీసం ఒకదాన్ని 67 శాతం సార్లు పట్టుకున్నారు. ఒకటి కంటే ఎక్కువ జాతులు సరిగ్గా చెప్పగలిగింది 10 శాతం సార్లే. మిక్స్ అన్నాక ఒకటి తెలిస్తే చాలదు కదా. పైగా మా చేతికి వచ్చేవి రూపం ఇంకా కుదురుకోని, పాలు కూడా మానని పిల్లలు.

అపోహ: రెండు జాతులు కలిస్తే పిల్లలో సగం ఇది, సగం అది కనిపిస్తుంది.

వాస్తవం: అన్నిటికంటే లోతుగా నాటుకుపోయిన అపోహ ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలోని జాక్సన్ లాబొరేటరీలో ఏళ్ల తరబడి కుక్కల మీద పనిచేసి, 1965లో ఆ ఫలితాలు ప్రచురించారు. నిలబడిన చెవులు, చుట్టుకున్న తోక ఉండే బసెంజీని, పొడవాటి చెవులు, వేలాడే జుట్టు ఉండే కాకర్ స్పానియల్‌తో దాటించారు. పుట్టిన పిల్లల్లో, ఆ పిల్లల పిల్లల్లో చాలావాటిని చూస్తే ఈ రెండు జాతులూ గుర్తుకే రావు. తల్లిదండ్రుల్ని కళ్లారా చూడకపోతే ఎవరూ ఊహించలేనివి పుట్టాయి.

కారణం ఏమిటంటే, మన కంటికి కనబడే రూపాన్ని నడిపేవి చాలా కొద్ది జన్యువులు. జుట్టు సంగతే తీసుకోండి. పొడుగా పొట్టా, రింగులు తిరుగుతుందా, మూతి మీద మీసం గడ్డం వస్తాయా అన్నవాటిలో చాలా భాగం మూడే జన్యువుల మీద ఆధారపడి ఉందని 2009లో తేలింది. పొట్టి జుట్టు రావడానికి తల్లి నుంచో తండ్రి నుంచో ఆ జన్యువు ఒక్క ప్రతి (కాపీ) వస్తే చాలు. పొడవాటి జుట్టు రావాలంటే ఇద్దరి నుంచీ రావాలి. ఒంటినిండా నలుపు కూడా అలాగే ఒక్క ప్రతితో పైకి తేలే రంగు. కాబట్టి ఎన్ని జాతులు కలిసినా పొట్టి జుట్టుతో నల్లగా ఉండే పిల్ల పుట్టడం చాలా మామూలు. దాని చెవులు ఇంకా వాలి ఉన్న వయసులో చూస్తే ఎవరైనా లాబ్రడార్ మిక్స్ అనేస్తారు. షెల్టర్లలో అన్ని "లాబ్రడార్ మిక్స్"లు ఉండటానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం. డాక్స్‌హుండ్‌లాంటి పొట్టి కాళ్లదీ ఇదే కథ. ఒక్క మార్పు వల్ల వచ్చేవి అవి, ఒక్క ప్రతి ఉన్నా కాళ్లు పొట్టిబడతాయి. దానికి కారణమైన పూర్వీకుడు ముత్తాత అయినా సరే, కుక్క మొత్తానికి అదే ముద్ర పడిపోతుంది. మిగతా ఏడుగురు ముత్తాత ముత్తవ్వల గురించి ఆ కాళ్లు ఏమీ చెప్పవు.

అపోహ: నాలుక మీద నల్లమచ్చ ఉంటే చౌ చౌ, నీలి కళ్లుంటే హస్కీ, వెనక కాలికి అదనపు వేలుంటే పెద్ద జాతి.

వాస్తవం: నాలుక మచ్చలు చాలా జాతుల్లో, ఏ జాతికీ చెందని కుక్కల్లో కూడా వస్తాయి. ఒంటి మీద ఎక్కడైనా నల్లమచ్చ వచ్చినట్టే నాలుక మీదా వస్తుంది. వెనక కాలి అదనపు వేలూ అంతే. ఇక కళ్ల విషయం: కుక్కపిల్లలు కళ్లు తెరిచేది పుట్టిన 10 నుంచి 14 రోజులకి. అప్పుడు దాదాపు అందరి కళ్లూ నీలంగానే ఉంటాయి, అసలు రంగు తర్వాతి వారాల్లో దిగుతుంది. నెల పిల్ల కళ్లు చూసి హస్కీ అనుకుని సంబరపడినవాళ్లని చాలామందిని చూశాను. పెద్దయ్యాక కూడా నీలంగానే మిగిలితే దానికి హస్కీల్లో ఉండే కారణం ఒకటి, మెర్ల్ అనే మచ్చల రంగు వల్ల వచ్చే కారణం మరొకటి. రెండింటికీ సంబంధం లేదు.

అపోహ: పాదాలు పెద్దగా ఉంటే పెద్ద కుక్క అవుతుంది.

వాస్తవం: పాదాల కంటే తూకం నమ్మదగ్గది. మధ్యస్థం సైజు కుక్కలు సుమారు నాలుగైదు నెలలకి, పెద్దయ్యాక ఉండే బరువులో సగానికి వస్తాయి. చిన్నవి ఇంకా ముందే వస్తాయి, బాగా పెద్దవి ఆలస్యంగా వస్తాయి. అందుకే వారం వారం తూకం వేసి రాసిపెట్టమంటాను. వయసు పళ్లని బట్టి తెలుస్తుంది: పాలపళ్లు మూడో వారం నుంచి ఆరో వారం లోపు వస్తాయి, మొత్తం 28. ముందుపళ్లు మూడు నాలుగు నెలల్లో ఊడతాయి, కోరలు ఐదారు నెలల్లో మారతాయి, ఏడో నెలకి 42 పళ్లూ ఉంటాయి. పళ్లు మారే రోజుల్లో నిలబడ్డ చెవి మళ్లీ వాలిపోవడం కూడా మామూలే, టెన్షన్ పడక్కర్లేదు.

అపోహ: ఒకే ఈత పిల్లలు కాబట్టి ఒకదాని బ్రీడ్ తెలిస్తే అన్నిటిదీ తెలిసినట్టే.

వాస్తవం: ఎదలో ఉన్న ఆడకుక్క కొద్ది రోజుల తేడాలో ఒకటి కంటే ఎక్కువ మగకుక్కలతో కలవగలదు. మగవాటి వీర్యకణాలు లోపల కొన్ని రోజులు బతికే ఉంటాయి. అందువల్ల ఒకే ఈతలో పక్కపక్కన పాలు తాగే పిల్లలకి తండ్రులు వేరు కావచ్చు. తండ్రి ఒక్కడే అయినా ఏ పిల్లకి ఏ సగం వచ్చిందనేది వేరు.

అపోహ: డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే అంతా తేలిపోతుంది.

వాస్తవం: చూసి ఊహించడం కంటే ఎన్నో రెట్లు నయం. కానీ టెస్ట్ చేసే సంస్థ దగ్గర ఉన్న జాతుల నమూనాలతోనే అది మీ కుక్కని పోలుస్తుంది. లేని జాతిని చెప్పలేదు. పెద్ద శాతాలని నమ్మొచ్చు, కింద వరుసలో వచ్చే మూడు శాతం, నాలుగు శాతం పేర్ల మీద ఆశలు పెట్టుకోకండి. ఇంకో ముఖ్యమైన విషయం: ప్రపంచంలో ఎక్కువ కుక్కలు ఎవరూ జాతి కట్టి పెంచనివి. తమంతట తాము జతకట్టి, తరతరాలుగా మనుషుల పక్కన బతుకుతున్నవి. ఇప్పుడు మనం పేర్లు చెప్పే జాతుల్లో చాలావరకూ గత రెండొందల ఏళ్లలో రూపుదిద్దుకున్నవే. బ్రిటన్‌లో జాతి కుక్కల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ మొదలైందే 1873లో. ఊరకుక్కల వంశాలు వాటికంటే ముందున్నవి. వాటిని ఏవో జాతుల కలగాపులగం అనడం తలకిందుల లెక్క. సరైన నమూనాలు లేని టెస్ట్ అలాంటి పిల్లకి కూడా నాలుగు జాతుల పేర్లు అతికించి పంపుతుంది.

ఈ టెస్ట్ కోసం బుగ్గ లోపల స్వాబ్ (దూది పుల్ల) తిప్పేటప్పుడు జాగ్రత్త. అప్పుడే తల్లి పాలు తాగిన పిల్లకీ, తోబుట్టువులతో ఒకే గిన్నెలో తిన్న పిల్లకీ వెంటనే చేయొద్దు. కాసేపు విడిగా ఉంచి చేయండి.

అపోహ: బ్రీడ్ తెలిస్తే స్వభావం తెలుస్తుంది.

వాస్తవం: 2022లో అమెరికాలో 18,000కు పైగా కుక్కల యజమానుల జవాబులు, 2,000కు పైగా కుక్కల జన్యువులు కలిపి చూశారు. ఒక కుక్క ప్రవర్తనకీ మరో కుక్క ప్రవర్తనకీ ఉన్న తేడాలో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతం.

నేను లాబ్రడార్ అని రాసిన ఆ పిల్ల మనుషుల దగ్గరికి ఎందుకు రాలేదో తర్వాత పాత కేస్ షీట్ తిరగేస్తే అర్థమైంది. గజ్జి మిగతావాటికి అంటుకుంటుందని దాన్ని ఆరు వారాలు ఒంటరి గదిలో ఉంచాం. కుక్కపిల్ల మనుషుల్నీ శబ్దాల్నీ కొత్త చోట్లనీ భయం లేకుండా అలవాటు చేసుకునే కాలం మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకానే. అందులో సగం అది నాలుగు గోడల మధ్య, గ్లవ్స్ వేసుకుని మందు రాసే చేతుల్ని మాత్రమే చూస్తూ గడిపింది. దాని స్వభావానికి కారణం ఆ షీట్‌లోనే ఉంది, మేం బ్రీడ్ గడిలో వెతికాం. ఇప్పుడు గజ్జి పిల్లల గదిలోకి రోజూ ఎవరో ఒకరు ఏప్రన్ తొడుక్కుని వెళ్లి, మందు పని లేకుండా ఊరికే కూర్చుని వస్తారు.

అపోహ: మిక్స్ అయితే జబ్బులు రావు.

వాస్తవం: 2013లో 27,000కు పైగా కుక్కల రికార్డుల్లో 24 వంశపారంపర్య జబ్బుల్ని పోల్చి చూశారు. పదింటిలో శుద్ధ జాతులకి ఎక్కువ, పదమూడింటిలో తేడా లేదు, మోకాలి లిగమెంట్ తెగడం మిక్స్‌లకే ఎక్కువ. మందుల విషయంలో ఒక్క జాగ్రత్త: కోలీ వంశపు కుక్కల్లో ఎక్కువగా కనబడే ఎండీఆర్-1 అనే జన్యు మార్పు ఉంటే, గజ్జికి వాడే ఐవర్‌మెక్టిన్ అనే మందు ఎక్కువ మోతాదులో మెదడుకి ఎక్కి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మార్పు కోలీలా ఏమాత్రం కనబడని మిక్స్‌లోనూ ఉండొచ్చు. అనుమానం ఉంటే మొహం చూసి నిర్ణయించకుండా ఆ ఒక్క జన్యువుకి టెస్ట్ చేయించమని మీ డాక్టర్‌ని అడగండి.

వెనక్కి వచ్చిన ఆ కుక్కని తర్వాత ఇద్దరు పెద్దవాళ్లు తీసుకెళ్లారు. ఈసారి కార్డు మీద బ్రీడ్ గడి ఖాళీగా వదిలేసి, "కొత్తవాళ్లకి అలవాటు పడటానికి రెండు వారాలు పడుతుంది, తర్వాత వెంటే తిరుగుతుంది, గుమ్మం దగ్గర పడుకోవడం ఇష్టం" అని రాశాం. నిన్న వచ్చిన పిల్ల కార్డు ఇది: ఆడపిల్ల, ముందు పాలపళ్లన్నీ వచ్చాయి, సుమారు ఆరు వారాలు, కిలో 900 గ్రాములు, నలుపు, ఛాతీ మీద తెల్లమచ్చ, ఎత్తుకుంటే మెడలోకి ముక్కు దూర్చి పడుకుంటుంది. మళ్లీ తూకం వచ్చే వారం.