రీమర్ సైజు ఇస్తుంది, చోటు సరిచేయదు

20 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ దింపితే వచ్చే రంధ్రం కచ్చితంగా 20 ఉండదు. కాస్త పెద్దదవుతుంది, పూర్తి గుండ్రంగా రాదు, లోతుకు పోయేకొద్దీ పక్కకు జరుగుతుంది. బిట్ కొన నడిమధ్యన లోహం కోతపడటం కన్నా నలిగి పక్కకు పోవడమే ఎక్కువ, పైగా సాన పట్టేటప్పుడు రెండు అంచుల్లో ఒకటి పొడుగైందంటే బిట్ అటే లాగేస్తుంది. బోల్టు దూర్చడానికైతే ఇది చాలు. డ్రాయింగ్‌లో 20 హెచ్7 అని ఉంటే (హెచ్7 అంటే రంధ్రం సైజులో ఎంత తేడా చెల్లుతుందో చెప్పే గుర్తు) మాత్రం రంధ్రం 20.000కి తగ్గకూడదు, 20.021 దాటకూడదు.

వెంటనే అందరి చెయ్యీ రీమర్ మీదకే, అంటే ఉన్న రంధ్రాన్ని సన్నగా కోసి సైజుకి తెచ్చే పలు అంచుల టూల్ మీదకే పోతుంది. కోయడానికి 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల లోహం ఉంచి, డ్రిల్లింగ్ కన్నా తక్కువ స్పీడ్‌లో, ఎక్కువ ఫీడ్‌తో (ఒక్కో చుట్టుకి టూల్ ముందుకు పోయే దూరం), నూనె పోస్తూ దింపితే సైజు వస్తుంది, లోపల నున్నగా వస్తుంది. ఉంచింది మరీ తక్కువైతే కోయకుండా రుద్దుతుంది. బయటికి తీసేటప్పుడు వెనక్కి తిప్పారంటే చిప్స్ (లోహపు తురుము) అంచుకీ గోడకీ మధ్య ఇరుక్కుని, నున్నగా వచ్చిన గోడనే గీసేస్తాయి. అన్నీ సరిగ్గా చేసినా, రీమర్ గాడిలో పడ్డ బండిచక్రంలా పాత రంధ్రం వెంటే పోతుంది. డ్రిల్ 0.2 పక్కకు పోయి ఉంటే, అదే తప్పు చోట చక్కటి రంధ్రం తయారవుతుంది!

అందుకే డ్రిల్‌కీ రీమర్‌కీ మధ్యలో బోరింగ్, అంటే ఉన్న రంధ్రాన్ని కోసి పెద్దది చేయడం. ఒకే అంచున్న టూల్ మెషిన్ ఇరుసు చుట్టూ తిరుగుతుంది కాబట్టి కేంద్రం పాత రంధ్రం నుంచి కాక మెషిన్ నుంచి వస్తుంది. చిక్కల్లా ఆ టూల్‌ని పట్టి ఉంచే బార్ వంగడంతోనే. బయటికి ఉన్న పొడవు రెట్టింపైతే వంపు 8 రెట్లవుతుంది, స్టీల్ బార్‌ని దాని మందానికి 4 రెట్లకు మించి చాచకూడదనేది అందుకే. డయల్ కదపకుండా అదే కోత మరోసారి వేసి చూడండి, సన్నటి తురుము ఇంకా రాలుతుంది. మొదటిసారి బార్ ఎంత వంగిందో ఆ తురుమే చెబుతుంది.

జేమ్స్ వాట్ ఆవిరి ఇంజన్ కూడా ఇక్కడే ఇరుక్కుంది. అప్పటి బోరింగ్ యంత్రాల్లో బార్‌కి ఒక కొసనే ఆధారం, కట్టర్ పోతపోసిన సిలిండర్ వంకరల వెంటే పోయేది, పిస్టన్ పక్కనుంచి ఆవిరి కారిపోయేది. ఇంగ్లండ్‌లో జాన్ విల్కిన్సన్ బార్‌ని సిలిండర్ గుండా దూర్చి రెండు కొసలా ఆధారం ఇచ్చాడు. 50 అంగుళాల సిలిండర్‌లో ఎక్కడా పాత షిల్లింగు మందమంత తేడా కూడా లేదని వాట్ భాగస్వామి బోల్టన్ 1776లో రాశాడు. నా లెక్కలో ఆవిరి యుగం ఆ బార్ రెండో కొస దగ్గరే మొదలైంది.

మన ఆటోనగర్‌లలో చేసే రీబోరింగ్‌దీ ఇదే సూత్రం. అరిగిన సిలిండర్ కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, ఆ అరుగుదలని నమ్మితే కేంద్రం తప్పుతుంది, కాబట్టి తెలిసిన మెకానిక్ అడుగున, అరుగుదల తక్కువున్న చోట సెంటర్ పట్టుకుని 0.25 లేదా 0.50 ఓవర్‌సైజుకి, అంటే అసలు సైజు కన్నా అన్ని మిల్లీమీటర్లు పెద్దగా కోస్తాడు. ఆ తర్వాత హోనింగ్ రాళ్ళు (గోడని రుద్దే సానరాళ్ళు) వేసే అడ్డగీతలు నూనెని పట్టి ఉంచుతాయి.

ఇక కొలత. 100 మిల్లీమీటర్ల అల్యూమినియం బోర్ (బోరింగ్ చేసిన రంధ్రం) 20 డిగ్రీలు వేడెక్కితే 0.046 పెరుగుతుంది. ఆ సైజుకి హెచ్7 ఇచ్చే వెసులుబాటే 0.035. వేడిగా ఉన్నప్పుడు 100.020 చూపించిన బోర్ చల్లారాక 99.974కి దిగుతుంది, బేరింగ్ ఎక్కదు. చేతికి వెచ్చగా తగిలితే గేజ్ పక్కన పెట్టి, జాబ్‌ని (కోస్తున్న ముక్కని) చల్లారనివ్వండి.