బీఎంఎస్ ఈవాల్యుయేషన్ బోర్డు లేవట్లేదా? అపోహలు - వాస్తవాలు

బీఎంఎస్ అంటే బ్యాటరీ సెల్స్‌ని కనిపెట్టుకుని ఉండే వ్యవస్థ; దాని చిప్పుని పరీక్షించి చూసుకోవడానికి వాడేది ఈవాల్యుయేషన్ బోర్డు. కొత్త బోర్డు పెట్టె విప్పి, సెల్స్ కలిపి, యూఎస్‌బీ గుచ్చి, సాఫ్ట్‌వేర్ తెరిచాక "డివైస్ దొరకలేదు" అని వస్తే ఎవరికైనా చిర్రెత్తుతుంది. "బోర్డు పోయింది" అంటూ నా బల్ల మీదికి వచ్చినవాటిలో నిజంగా పోయినవి తక్కువ. ఆ పోయినవి కూడా చాలావరకు మొదటి అరగంటలో కంగారుపడి మనం పోగొట్టినవే.

అపోహ: సెల్స్ తగిలించినా చలనం లేదంటే చిప్పు మాడిపోయినట్టే.

వాస్తవం: మైక్రోకంట్రోలర్ బోర్డులకి అలవాటుపడ్డవాళ్లకి ఇలాగే అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ సప్లై ఇవ్వగానే లేస్తుంది. బ్యాటరీ మానిటర్ చిప్పు తినేది ప్యాక్‌లోంచే కాబట్టి, నెలల తరబడి అరలో పడి ఉన్న ప్యాక్‌ని అది ఖాళీ చేయకూడదు. అందుకే దానికి గాఢనిద్ర పెట్టారు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల బీక్యూ76920, 76930, 76940 చిప్పులు సెల్స్ కలిపినా షిప్ మోడ్‌లోనే (ఆ గాఢనిద్ర పేరు అదే) ఉంటాయి, టీఎస్1 పిన్ మీద వోల్టేజ్ పైకి లేస్తే తప్ప లేవవు. బోర్డు మీద బూట్ అని చిన్న బటన్ ఉండేది దానికే. బీక్యూ76952 షట్‌డౌన్‌లో ఉంటే కథ తిరగబడుతుంది: దానికి టీఎస్2 పిన్‌ని కిందికి లాగాలి, లేదా ఎల్‌డీ పిన్ మీద చార్జర్ వోల్టేజ్ కనపడాలి. ఒకదానికి పైకి, ఒకదానికి కిందికి! నా మొదటి 76940 బోర్డుతో ఒక రోజంతా డ్రైవర్లు తీసి మళ్లీ వేస్తూ కూర్చున్నాను, బటన్ ఒక్కసారి కూడా నొక్కకుండా.

ఎల్‌టీసీ6811 అనే ఇంకో బ్యాటరీ మానిటర్ చిప్పు వాడేవాళ్ల బాధ వేరు. మామూలు సెట్టింగుల్లో దానికి 2 సెకన్ల పాటు సరైన కమాండ్ ఏదీ అందకపోతే నిద్రపోతుంది, మనం రాసిన కాన్ఫిగరేషన్ కూడా పోతుంది. డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టి ఆలోచిస్తూ కూర్చుంటే ఆ లోపే అది పడుకుని ఉంటుంది. మళ్లీ చదివితే అన్నీ ఎఫ్ఎఫ్‌లు, పైగా పీఈసీ ఎర్రర్ (డేటా సరిగ్గా రాలేదని చెప్పే చెక్‌సమ్ తప్పు). ముందు లేపే పల్స్ ఇచ్చి, 400 మైక్రోసెకన్లు ఆగి, అప్పుడు అడగాలి.

అపోహ: ప్యాక్ మొత్తం వోల్టేజ్ సరిగ్గా ఉంది కాబట్టి వైరింగ్‌లో తప్పు లేదు.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. మొత్తం వోల్టేజ్ చెప్పేది రెండు చివరల గురించే, మధ్యలో ఉన్న ట్యాప్‌ల (ఒక్కో సెల్ కొస నుంచి వచ్చే తీగల) గురించి అది ఏమీ చెప్పదు. కనెక్టర్ బోర్డుకి పెట్టకముందే నెగెటివ్ మీద ఒక ప్రోబ్ ఉంచి, రెండోదాన్ని ఒక్కో పిన్ మీదికి జరుపుతూ అంకెలు కాగితం మీద రాయండి. 3.7, 7.4, 11.1, 14.8 అని మెట్లలా ఎక్కాలి. ఒకసారి నాకు 3.7, 7.4, 14.8, 11.1, 18.5 అని వచ్చింది. చివరి అంకె చక్కగా ఉంది, కానీ 3, 4 వైర్లు తారుమారు. అంటే ఒక ఇన్‌పుట్ జతకి 7.4 వోల్టులు, దాని పక్కదానికి మైనస్ 3.7, ఆ పైదానికి మళ్లీ 7.4. గుచ్చి ఉంటే అక్కడితో సరి.

ఇంకో రకం మోసం కూడా ఉంది. క్రింప్ పిన్ హౌసింగ్‌లో పూర్తిగా కూర్చోకపోతే, వైరు వైపు ప్రోబ్ పెట్టినప్పుడు రీడింగ్ సరిగ్గానే వస్తుంది, బోర్డుకి గుచ్చగానే ఆ పిన్ వెనక్కి జారిపోతుంది. అందుకే గుచ్చాక బోర్డు వైపు టెస్ట్ పాయింట్ల మీద ఇంకోసారి కొలవాలి. విసుగే, కానీ రెండు నిమిషాల పని.

76930, 76940 లకి ఇంకో మెలిక ఉంది. లోపల చిప్పు ఒకదాని మీద ఒకటి పేర్చిన గ్రూపులుగా ఉంటుంది, ఒక్కో గ్రూపుకి గరిష్ఠంగా 5 సెల్స్. ప్రతి గ్రూపుకీ దాని సెల్స్ నుంచే పవర్ అందాలి. 76940 కి 9 సెల్స్ పెడుతూ కింద నుంచి వరసగా 5, 4 నింపేస్తే పై గ్రూపు ఆకలితో ఉంటుంది, బూట్ ఎన్నిసార్లు నొక్కినా బోర్డు లేవదు. 3, 3, 3 గా పంచి, మిగిలిన ఇన్‌పుట్లని షార్ట్ చేయాలి. ఏవి షార్ట్ చేయాలో డేటాషీట్‌లో పట్టిక ఉంటుంది, మనకి నచ్చినవి కాదు.

అపోహ: రెసిస్టర్ల సెల్ సిమ్యులేటర్ (ఒక సప్లై వోల్టేజ్‌ని రెసిస్టర్లతో సెల్స్‌లా పంచేది) ఉంటే సెల్స్‌తో పనిలేదు.

వాస్తవం: మొదటిసారి లేపి చూడటానికి అదే మంచిది, నేనూ అలాగే చేస్తాను. కానీ బ్యాలెన్సింగ్ (ఎక్కువ చార్జ్ ఉన్న సెల్‌ని కొంచెం ఖాళీ చేసి మిగతావాటితో సమానం చేయడం) ఆన్ చేసి చూడండి: ఆ సెల్ వోల్టేజ్ ధబేల్మని పడిపోతుంది, మిగతావి ఎక్కుతాయి, చిప్పు అండర్‌వోల్టేజ్ అని గోల పెడుతుంది. అది బోర్డు తప్పు కాదు. సప్లైలో కరెంట్ లిమిట్ మరీ తక్కువ పెట్టినా, లేచినట్టే లేచి పడిపోతుంది. ఇక అసలు సెల్స్ పెట్టే రోజున సిమ్యులేటర్ జంపర్లు తీయడం మర్చిపోతే, సెల్‌కి 200 ఓమ్‌లు అనుకున్నా 18.5 మిల్లీఆంప్స్ చొప్పున రోజుకి దాదాపు 440 మిల్లీఆంప్ అవర్లు హారతి కర్పూరం. శుక్రవారం వదిలేసి సోమవారం వచ్చి చూస్తే సెల్స్ ఖాళీ అయి ఉండొచ్చు.

అపోహ: ఐ2సీ (చిప్పుతో మాట్లాడే రెండు తీగల లైను) మీద జవాబు రాలేదంటే చిప్పు లేవలేదు.

వాస్తవం: లేచి ఉండొచ్చు, మనం తలుపు తప్పు తడుతూ ఉండొచ్చు. 76952 కి 7 బిట్ల చిరునామా హెక్స్ 08, 8 బిట్లలో రాస్తే హెక్స్ 10, ఈ రెండింటి మధ్య ఎన్ని సాయంత్రాలు పోయాయో. దాని రెగ్1 రెగ్యులేటర్ మొదట ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి, పుల్-అప్‌లు (లైన్లని పైకి పట్టి ఉంచే రెసిస్టర్లు) దానికే కట్టి ఉంటే లైన్లు పైకే రావు. 76940 కుటుంబంలో అయితే రెగ్‌అవుట్ మీద మీటర్ పెట్టండి. అక్కడ వోల్టేజ్ లేకపోతే అసలు బూటే కాలేదు, ఉంటే సాఫ్ట్‌వేర్ వైపు చూడండి. సీఆర్‌సీ (డేటాలో తప్పులు పట్టే అదనపు బైట్) ఉన్న రకం చిప్పా లేనిదా అన్నది కూడా చూసుకోండి. యూఎస్‌బీ కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది కాదు కదా?

అపోహ: అవుట్‌పుట్ సున్నా, అంటే స్టార్ట్ కాలేదు.

వాస్తవం: 76940 లేచాక కూడా ఎఫ్ఈటీలు (ప్యాక్ కరెంట్‌ని ఆపి వదిలే స్విచ్‌లు) ఆఫ్‌లోనే ఉంటాయి, హోస్ట్ (చిప్పుని నడిపే మైక్రోకంట్రోలర్ లేదా కంప్యూటర్) వాటిని ఆన్ చేసే బిట్లు రాస్తేనే కరెంట్‌ని వదులుతాయి.

అపోహ: స్కోప్ తగిలించి చూస్తే పోయేదేముంది.

వాస్తవం: చాలావరకు బెంచ్ స్కోప్‌ల గ్రౌండ్ క్లిప్ నేరుగా ఎర్త్‌కి కలిసి ఉంటుంది. ఎఫ్ఈటీలు నెగెటివ్ వైపు ఉన్న బోర్డులో ప్యాక్ నెగెటివ్ (బయటికి వచ్చే వైపు), బ్యాటరీ నెగెటివ్ (సెల్స్ వైపు) ఒకటి కావు. స్కోప్ క్లిప్ ఒకదానికి, ఎర్త్ అయిన ల్యాప్‌టాప్ యూఎస్‌బీ ద్వారా ఇంకోదానికి కలిస్తే, మీరు జాగ్రత్తగా ఆఫ్ చేసిన ఎఫ్ఈటీ పక్కనుంచి కరెంట్ యూఎస్‌బీ తీగలోంచి నడుస్తుంది. యూఎస్‌బీ ఐసొలేటర్ కొనుక్కోండి, లేదా ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి పనిచేయండి.

అపోహ: ఇంకో బోర్డు పెడితే తేలిపోతుంది.

వాస్తవం: తేలుతుంది, రెండోదీ పోతుంది. అదే హార్నెస్ (సెల్ తీగల కట్ట), అదే తప్పు. ముందు ట్యాప్ వోల్టేజ్‌లు ఒక్కొక్కటీ, రెగ్యులేటర్ అవుట్‌పుట్, లేపే పిన్ మీద బటన్ నొక్కకముందు ఎంత, నొక్కినప్పుడు ఎంత, ఇవన్నీ రాసుకోండి. అప్పటికీ లేవకపోతే ఆ కాగితం ఫొటో తీసి పంపండి, "పనిచేయట్లేదు సార్" అని ఒక్క ముక్క కాదు.