సెలవు లేని ఆదివారాలు

క్రీ.శ. 112 ప్రాంతంలో, నేటి టర్కీ ఉత్తర తీరంలోని బితూనియకు గవర్నరుగా ఉన్న ప్లినీ, రోమన్ చక్రవర్తి ట్రాజన్‌కు ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవులన్న పేరు పడ్డవాళ్లను పట్టుకొచ్చి అడిగితే తేలింది ఇంతే: ఒక నియమిత దినాన తెల్లవారకముందే చేరతారు, క్రీస్తును దేవుడిగా కొలుస్తూ పాట పాడతారు, దొంగతనం చేయం, మాట తప్పం అని ఒట్టు పెట్టుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్తారు. తర్వాత మళ్లీ కలిసి భోంచేస్తారు, అదీ మామూలు తిండే. ఇంకేదో దాస్తున్నారనుకుని సంఘంలో పరిచారికలైన ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించాడు. మూఢనమ్మకం తప్ప ఏమీ దొరకలేదట!

అది ఏ వారమో ప్లినీ రాయలేదు. ఆదివారమేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. నన్ను ఆపేది మాత్రం ఆ ‘తెల్లవారకముందే’. రోమన్లకు ఆదివారం సెలవు కాదు. వాళ్ల పాత లెక్కలో ఎనిమిది రోజులకోసారి సంత వచ్చేది, అంతే. పొద్దెక్కితే బానిస యజమాని పనిలో ఉండాలి. ఇక ప్రార్థనకు మిగిలేది చీకటే.

నేటి టర్కీ పడమటి తీరంలోని త్రోయలోనూ అంతే. వారంలో మొదటి రోజున రొట్టె విరవడానికి కూడారనీ, మేడగదిలో చాలా దీపాలు వెలుగుతున్నాయనీ బైబిలులోని అపొస్తలుల కార్యములు చెబుతుంది. క్రైస్తవ బోధకుడు పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగితే, కిటికీలో కూర్చున్న ఐతుకు జోగి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. చనిపోయాడనుకున్న కుర్రాడు బతికాడు. పౌలు మళ్లీ పైకెక్కి తెల్లారేదాకా మాట్లాడాడు! యూదుల లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి, అది మన శనివారం రాత్రి కావచ్చన్న వాదన కూడా ఉంది.

తొలి క్రైస్తవులు యూదులే, సబ్బాతు, అంటే శనివారపు విశ్రాంతి దినం, పాటించినవాళ్లే. యేసు తిరిగి లేచాడని నమ్మిన రోజు, ఆదివారం, దాని పక్కన చేరింది. సబ్బాతును తోసేసి రాలేదు.

ఆరాధన దినాన్ని శనివారం నుంచి ఆదివారానికి మార్చింది రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైనేనని ఇప్పటికీ వింటుంటాం. అది నిలవదు. ఆయనకు నూట అరవై ఏళ్లకు పైగా ముందే, 155 ప్రాంతంలో, రోములో ఉన్న క్రైస్తవ రచయిత జస్టిన్ ఆదివారపు కూడికను వివరంగా వర్ణించాడు: ప్రవక్తల రాతలు సమయం ఉన్నంతసేపు చదవడం, సంఘ పెద్ద చేసే బోధ, లేచి నిలబడి ప్రార్థన, రొట్టె, నీళ్లు కలిపిన ద్రాక్షారసం. రాలేనివాళ్ల వంతు పరిచారకులు ఇంటికి తీసుకెళ్లేవారు. చందా అనాథలకు, విధవలకు, రోగులకు, ఖైదీలకు.

321లో కాన్‌స్టంటైన్ ఇచ్చింది సెలవు. న్యాయస్థానాలు, పట్టణాల్లోని పనిశాలలు మూయాలన్నాడు. అదను తప్పితే పంట పోతుందని రైతులను మాత్రం దున్నుకోనిచ్చాడు. ఆ శాసనంలో క్రీస్తు పేరే లేదు, ఉన్నది ‘పూజ్యమైన సూర్యుని దినం’.

అప్పటికీ శనివారం పోలేదు. అదే శతాబ్దంలో నేటి టర్కీలోని లవొదికయలో కూడిన క్రైస్తవ పెద్దల సభ, శనివారం ఊరికే కూర్చోకుండా పని చేయండి, వీలైతే ఆదివారం విశ్రమించండి అని చెప్పాల్సి వచ్చింది. పాటించేవాళ్లు లేకపోతే ఆ మాట ఎందుకు? ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం నేటికీ రెండు రోజులనూ ఆచరిస్తోంది.