స్కూబా కార్డు మీద 18, 30, 40 మీటర్లు: ఈ హద్దులు ఎక్కడివి?

అండమాన్ వెళ్లి స్కూబా (గాలి సిలిండర్ తగిలించుకుని నీళ్లలోకి దిగడం) చేసొచ్చే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వారిలో ఎక్కువమంది కోర్సు ఏదీ చేయకుండా ఇన్‌స్ట్రక్టర్ వెంట దిగి వచ్చేవారే. స్కూబా శిక్షణ సంస్థ పాడీ (PADI) నిబంధనల ప్రకారం అలా దిగితే 12 మీటర్లు దాటకూడదు. కోర్సు చేస్తే తొలి మెట్టైన ఓపెన్ వాటర్ కార్డుకు 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్‌కు 30, డీప్ స్పెషాలిటీకి 40. ఇవి నిజానికి అడుగుల లెక్కలు: 60, 100, 130.

ఈ అంకెల వెనక ఉన్నది నైట్రోజన్. లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరిగి, పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. గబుక్కున పైకి వస్తే బుడగలు కడుతుంది. 1908లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి, ఎంత లోతున ఎంతసేపుంటే ఎలా పైకి రావాలో మొదటి పట్టికలు తయారుచేశాడు. 1950ల నాటి అమెరికా నేవీ పట్టికల్లో 60 అడుగుల లోతున 60 నిమిషాలు ఉండి, మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా పైకి రావచ్చు. 100 అడుగుల దగ్గర అది 25 నిమిషాలు, 130 దగ్గర 10 నిమిషాలే. సరదాకు దిగేవాడికి అంతకంటే లోతున పనేముంటుంది?

1943లో ఫ్రాన్స్‌లో నేవీ అధికారి కూస్టో, ఇంజనీర్ గాన్యాన్ కలిసి నీళ్లలో ఊపిరి తీసుకోవడానికి ఆక్వాలంగ్ అనే పరికరం తయారుచేశారు. కొన్నేళ్లకే అది కొట్లలో అమ్మకానికొచ్చింది. కొన్నవారికి నేర్పే ఏర్పాటు మాత్రం దాదాపు లేదు. అమెరికాలో సామాన్యుల కోసం తొలి శిక్షణ కార్యక్రమాన్ని 1954లో లాస్ ఏంజిలెస్ కౌంటీ మొదలుపెట్టింది. తర్వాత 1959లో వైఎంసీఏ, 1960లో నావీ (NAUI అనే శిక్షణ సంస్థ), 1966లో పాడీ వచ్చాయి. అందరూ చాలాకాలం అమెరికా నేవీ పట్టికలతోనే నేర్పారు. అవి దిట్టమైన కుర్ర నావికుల కోసం తయారైనవి. సెలవుల్లో దిగేవారి కోసం ప్రత్యేకంగా పరీక్షించిన పట్టికను పాడీ 1988లో గానీ తేలేదు. అందులో 18 మీటర్లకు 56 నిమిషాలు, 30 మీటర్లకు 20 నిమిషాలు.

యూరప్ దారి వేరు. బ్రిటన్‌లో డైవింగ్ క్లబ్బుల సంస్థ బీఎస్ఏసీ 20, 35, 50 మీటర్ల మెట్లు పెట్టుకుంది. ఫ్రాన్స్‌లో మూడో స్థాయి డైవర్ మామూలు గాలితోనే 60 మీటర్ల దాకా వెళ్లొచ్చు. అక్కడ క్లబ్బుల్లో నెలల తరబడి నేర్చుకుంటారు. అమెరికా పద్ధతిలో కోర్సును చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో కార్డు ఇచ్చారు. దీనివల్ల ఎంతోమంది సముద్రం చూడగలిగారు, అది చిన్న మేలు కాదు. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. ఓపెన్ వాటర్‌కు సముద్రంలో 4 డైవ్‌లు, అడ్వాన్స్‌డ్‌కు 5. అంటే 9 డైవ్‌లతో 30 మీటర్లకు అర్హత వచ్చేస్తుంది.

30 మీటర్ల దగ్గర లెక్క చూడండి. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ (ఒత్తిడి కొలత) దాకా నింపితే 2,400 లీటర్ల గాలి. 50 బార్ అత్యవసరానికి ఉంచాలి, కాబట్టి వాడుకోవడానికి మిగిలేది 1,800. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి, ఒత్తిడి నాలుగింతలుండే ఆ లోతున 80 లీటర్లు ఖర్చవుతాయి, 22 నిమిషాలు వస్తుంది. టెన్షన్ పడి రెట్టింపు పీల్చే కొత్తవాడికి అదే సిలిండర్ 11 నిమిషాలే. దానికి తోడు ఆ లోతున నైట్రోజన్ మత్తు మొదలవుతుంది. గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ ముల్లు కంటికి కనిపిస్తున్నా బుర్రకు ఎక్కదు. అందుకే నా ఉద్దేశంలో 30 అనే హద్దు సరైనదే, అక్కడిదాకా వెళ్లే దారే మరీ పొట్టిది. అడ్వాన్స్‌డ్ అన్న పేరు చూసి మనవాళ్లు ఆరితేరామనుకోవడం నాకు నిజంగా భయం కలిగిస్తుంది.

1980ల నుంచి చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్లు వచ్చి పట్టికల్ని పక్కకు నెట్టేశాయి. అవి నైట్రోజన్‌ను లెక్కగడతాయి, కంగారును లెక్కగట్టలేవు. పాడీ కార్డుకు గడువు తేదీ ఉండదు. పదేళ్ల కిందట 9 డైవ్‌లు చేసి మళ్లీ నీళ్లు ముట్టని మనిషి చేతిలోనూ అదే 30 మీటర్ల కార్డు. అందుకే జాగ్రత్త గల డైవ్ సెంటర్లు కార్డుతోపాటు, చేసిన డైవ్‌లు రాసుకునే లాగ్‌బుక్ కూడా అడుగుతాయి. చివరి డైవ్ ఎప్పుడో చూసి, అవసరమైతే ముందు తక్కువ లోతులో రిఫ్రెషర్ చేయిస్తాయి. విసుక్కోకుండా చేయించుకోండి.